ఇల్లు చూసి ఎవరిని చూడాలి?

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అన్నారు పెద్దలు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి కనుక సామెతలంటే నాకు గౌరవమే. కాని ఈ సామెత దగ్గర మాత్రం నాకు ఒక చిక్కు వస్తూ ఉంటుంది. గోడమీద మరక ఉంటే ఇల్లాలిది తప్పు. తలుపు జిడ్డోడుతూ ఉంటే ఇల్లాలిది తప్పు. మరి ఆ గోడకే కుర్చీ చేరవేసుకొని, తలనూనె అంతా దానికి పట్టించి, తీరికగా పేపరు చదువుకొనే పెద్దమనిషి మాటేమిటి? మగవాడికి పెళ్ళి కాగానే "ఒక ఇంటివాడయ్యాడు" అంటాము. ఇంటివాడన్న బిరుదు ఆయనకూ, ఇంటి చాకిరీ ఆవిడకూ! ఈ పంపకం చేసిన మహానుభావుడు ఎవరో గాని, మగవాడే అయి ఉంటాడు.

ఈ మాట ఇప్పుడెందుకు వచ్చిందంటే, గోదావరి ప్రాంతంనుంచి ఒక సోదరి నాకు జాబు వ్రాశారు. నెల తిరక్కుండా వాళ్ళమ్మాయిని చూసుకోవడానికి పెళ్ళివారు వస్తారట. ఇల్లు సొంతానిదే, కాని పాతది. గోడలు వెలిసిపోయాయి, తలుపులు నల్లబడ్డాయి. మేస్త్రీని పిలిచి అడిగితే భర్తగారి రెండు నెలల జీతం చెప్పాడట. అప్పు చేసైనా రంగులు వేయిద్దామని ఆయన పట్టు. దానికని చేసే అప్పు చివరకు అమ్మాయి పెళ్ళికి దాచిన సొమ్ముతోనే తీర్చాలి గదా అని ఈవిడ బాధ. నాలుగు రోజులుగా ఇంట్లో మాటలు లేవని, ఏం చేయమంటారని అడిగారు.

అమ్మా, అప్పు వద్దు. నాలుగు ఆదివారాలు, నాలుగు జతల చేతులు ఉంటే చాలు. పెళ్ళివారికి కొత్త ఇల్లు చూపించవలసిన పని లేదు, శుభ్రమైన ఇల్లు చూపిస్తే చాలును. ఆ నాలుగు ఆదివారాలూ ఏ విధంగా గడపాలో చెబుతాను.

మొదటి ఆదివారం కానీ ఖర్చు లేదు. ముందుగదిలో ఉన్న సామానంతా వీధి అరుగుమీదికి చేర్చండి. మళ్ళీ లోపలికి పోయేటప్పుడు ప్రతి వస్తువునూ "నీతో పని ఏమిటి?" అని అడగండి. జవాబు చెప్పలేనిది పాతసామాను వాడికి పోవాలి. మన ఇళ్ళలో గోడలు వెలిసినందువల్ల కంటె, మూడేళ్ళ కిందటి క్యాలెండర్లు వేలాడుతున్నందువల్ల వచ్చే ముసలితనమే ఎక్కువ. తరువాత బూజుకర్ర పుచ్చుకొని పైనుంచి కిందికి దులపండి. గది ఖాళీగా ఉన్నప్పుడే గోడల అడుగుభాగం పరీక్షగా చూడండి. చెమ్మ ఉన్నదా? ఉంటే దానిమీద ఏ రంగు వేసినా నాలుగు నెలల్లో పొక్కులు లేచి రాలిపోతుంది. పెంకు జారిందా, తూము పూడిందా, గోడ అవతల మన్ను గుట్టపడి ఉన్నదా చూసి, ముందు ఆ పని చక్కబెట్టండి. గోడమీద తెల్లగా ఉప్పు పూస్తూ ఉంటే దాన్ని నీళ్ళతో కడగవద్దు. కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి ఊడ్చిపారేయాలి.

రెండో ఆదివారం గోడలది. కుంచె పట్టేముందు మీ గోడకు ఇదివరకు వేసినదేమిటో తెలుసుకోండి. తడిచేత్తో రుద్దితే తెల్లటి పొడి చేతికి అంటుకున్నదంటే అది సున్నమో, పొడి డిస్టెంపరో. ఏమీ అంటకుండా నున్నగా ఉంటే అది డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ పెయింటు లేదా నూనె రంగు. అటువంటి గోడమీద సున్నం నిలవదు, పెచ్చులుగా ఊడుతుంది. దాన్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, మేకుల బొక్కలు పుట్టీతో పూడ్చి, అదే రకం రంగు వేయాలి. మరక ఉన్నచోట మాత్రమే కాస్త పూస్తే అతుకు వేసిన చొక్కాలా కనిపిస్తుంది. ఒక మూలనుంచి మరో మూలదాకా గోడ మొత్తం వేయండి. గది అంతటికీ రంగు చాలకపోతే, గుమ్మంలోకి రాగానే కంటికి ఎదురయ్యే గోడ ఒక్కటి వేసినా గది వెలుగు మారుతుంది.

మీది పాత సున్నం గోడ అయితే మీరు అదృష్టవంతులు. వెల్లకంటె చవకైన అందం ఇంకొకటి లేదు. ఇనప బకెట్టులోగాని మట్టితొట్టిలోగాని ముందు నీళ్ళు పోసి, అందులో రాతిసున్నం కొద్దికొద్దిగా వేయండి. సున్నంమీద నీళ్ళు కుమ్మరించవద్దు. అది కుతకుత ఉడికి చిందుతుంది. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి ఆగదు. పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు పోవాలి. కిలో సున్నానికి 5 లీటర్ల నీళ్ళ లెక్కన కలిపి, 24 గంటలు నాననిచ్చి, ముతక గుడ్డలో వడపోయండి. కిలోకు 40 గ్రాముల చొప్పున తుమ్మజిగురు వేడినీళ్ళలో కరిగించి కలిపితే చేతికి, బట్టలకు అంటడం తగ్గుతుంది. నీలిమందు 3 గ్రాములు మించకూడదు. మించితే తెల్లటి గోడ బదులు దిగులు గోడ తయారవుతుంది.

గోడను కాస్త తడిపి, పాలవలె పలచగా ఒక పూత నిలువుగా, అది ఆరిన తరువాత రెండోది అడ్డంగా వేయండి. తడిమీద చూస్తే ఏమీ వేసినట్టే ఉండదు. కంగారుపడి చిక్కగా పూయవద్దు, ఆరేకొద్దీ తెలుపు అదే వస్తుంది. అందులో రహస్యమేమీ లేదు. తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. పలచటి పూత నెమ్మదిగా ఆరితే ఆ మార్పు గట్టిగా జరుగుతుంది. చిక్కటి పూత ఎండకు గబగబా ఆరితే పొడిగా రాలుతుంది.

పసుపుపచ్చ గోడ కావాలని వంటింటి పసుపు కలిపేరు సుమా! పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. పైగా పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. సున్నానికి తట్టుకొనేవి మట్టి రంగులే. గోడ అడుగున జానెడు ఎత్తు జాజు పట్టీ వేస్తే, గచ్చు కడిగినప్పుడు చిందే మురికి కనపడదు, కంటికీ నిండుగా ఉంటుంది.

మూడో ఆదివారం తలుపులకూ కుర్చీలకూ ఇవ్వండి. తలుపు నల్లబడేది గడియ చుట్టూ, చేతి జిడ్డువల్ల. గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిస్తే సగం వన్నె అక్కడికక్కడే వస్తుంది. రంగు వేయని టేకు తలుపయితే సన్నటి గరుకు కాగితంతో కర్ర పీచు వెంబడే రుద్ది, కాచిన అవిసెనూనె, టర్పెంటైను సమంగా కలిపి పలచగా పట్టించండి. పావుగంట తరువాత పైన మిగిలినదంతా తుడిచేయాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసెనూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. విడివిడిగా పరచి ఆరుబయట ఆరవేసి, తరువాత పారవేయండి.

పాత రంగు ఉన్న తలుపయితే పొడిగా గీకవద్దు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశంలో 2016లో నిబంధన చేసి, 2017 నవంబరు 1 నుంచి అమలులో పెట్టారు. అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉన్నదో కంటికి కనపడదు. ఆ దుమ్ము పసిపిల్లల బుద్ధిని దెబ్బతీస్తుంది. రంగు గట్టిగా ఉంటే కదిలించకుండా కడిగి దానిమీదే కొత్తది వేయండి. పెచ్చులు లేస్తూ ఉంటే నీళ్ళు చల్లి తడిమీదే రుద్ది, ఆ మడ్డిని గుడ్డతో ఎత్తివేయండి. ఆ పూట పిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

తలుపు బందుల మర వదులైతే వడ్రంగికోసం ఎదురుచూడనక్కరలేదు. మర ఊడదీసి, ఆ బొక్కలో రెండు వెదురు పుల్లలు జిగురుతో దిగగొట్టి, ఆరిన తరువాత మళ్ళీ బిగిస్తే పట్టు దొరుకుతుంది. పేము కుర్చీ తెగకుండా కేవలం కుంగి ఉంటే, దాన్ని బోర్లించి, అడుగువైపు వేడినీళ్ళ గుడ్డ పరచి బాగా నాననివ్వండి. ఒక రోజు ఎవరూ కూర్చోకుండా నీడలో ఆరనిస్తే పేము ముడుచుకొని బిగుస్తుంది.

నాలుగో ఆదివారం అలంకరణ. పెట్టెలో ఉన్న పాత నూలు చీర ఒకటి తీయండి. ఆరు గజాలంటే 18 అడుగులు. నాలుగున్నర అడుగుల చొప్పున కోస్తే నాలుగు ముక్కలు, మడతలకు అరడుగు పోను రెండు కిటికీలకు పరదాలు. అంచు కిందికి వచ్చేలా కుట్టుకోవడంలోనే ఉన్నది అందమంతా. ఇత్తడి సామాను చింతపండుతో తోమి, కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవండి. బల్బుల మీది దుమ్ము దీపం ఆర్పి, బల్బు చల్లబడ్డాక తుడిస్తే కొత్త దీపం కొన్నట్టే. పటాలు మనవాళ్ళు వాసాల దగ్గర, మెడ నొప్పి పుట్టేంత ఎత్తున తగిలిస్తారు. నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకు దింపండి, తాతగారు మనతో మాట్లాడుతున్నట్టుంటారు.

అన్నీ మనమే చేసుకొంటే మేస్త్రీ ఏం తినాలి అని అడగవచ్చును. ఎత్తయిన బయటి గోడలు, కరెంటు తీగలు, పైకప్పు వాళ్ళ పనే. అవి మనం ముట్టుకోరాదు, వాళ్ళ కూలి దగ్గర బేరమూ ఆడరాదు. మిగిలినది ఇంటిల్లిపాదిదీ. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, ఏ పని ఎవరిదో కాగితంమీద వ్రాసి వంటింటి తలుపుకు అంటిస్తాము. నిచ్చెన ఎక్కడం నాది, రంగు చూసి బాగున్నదీ లేనిదీ తేల్చడం మా ఆవిడది, గరుకు కాగితం మా అబ్బాయిది. ఎవరు వేసిన గోడను వాళ్ళు పాడుచేయరు. ఎన్ని మందలింపులకూ రాని శ్రద్ధ ఒక్క కుంచెతో వస్తుంది.

కనుక సోదరీ, ఈ పేజీ మీ వారి చేతికి ఇవ్వండి. "వెల్ల ఎవరు వేశారు?" అని పెళ్ళివారు అడిగితే, "మేమే" అని మీ అమ్మాయి తల ఎత్తుకొని చెప్పవచ్చును. అది విని వంకలు పెట్టేవారయితే, ఆ సంగతి పెళ్ళికి ముందే తెలియడం మంచిదే గదా! సొమ్ము మాత్రం ముట్టుకోవద్దు, అది అమ్మాయిది. ఈ ఆదివారం పని మొదలుపెట్టేముందు, ఆ పేపరు చదివే కుర్చీని గోడనుంచి జానెడు ఇవతలికి జరిపించండి.