సైకిలునకు త్రోవ కావలెను

ఒకానొక కాలమున మన తెలుగు ఇండ్లలో క్రొత్త అల్లుడు అలుకపాన్పుపై కూర్చుండి కోరు కోరిక సైకిలు. బొగ్గుగనికి షిఫ్టునకు పోవువారును, బల్లార్‌పూర్ కాగితపు మిల్లులో పనిచేయువారును, బడిపంతుళ్లును దానినే నమ్ముకొని సంసారములు నెట్టుకొని వచ్చిరి. ఆ దినములలో అనేక పట్టణముల పురపాలక సంఘములు సైకిలునకు పన్ను తీసికొని బిళ్ల ఇచ్చుచుండెడివి. రాత్రివేళ దీపము లేనిచో జరిమానా విధించుచుండెడివి. అనగా వీధిలో సైకిలునకు ఒక హక్కు ఉండెడిది. నేడు పన్ను పోయినది, బిళ్ల పోయినది. వానితోపాటు వీధిలో దాని చోటును పోయినది.

సైకిలు కాలము చెల్లినదని కొందరు తలంచుచున్నారు. అది నిజము కాదు. 2011 జనగణన నాటికి మన దేశమున నూటికి దాదాపు 45 ఇండ్లలో సైకిలు ఉండెను. తాపీపనివారు, కాపలాదారులు, పాలు పోయువారు, బడిపిల్లలు నేటికిని దానిపైననే ఆధారపడియున్నారు. 1990ల తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలాది స్త్రీలు సైకిలు త్రొక్కుట నేర్చి, ఒకరి తోడు కొరకు ఎదురుచూడక తమ పనులకు తాము పోగలిగిరి. మన మహారాష్ట్రమునను మానవ వికాస కార్యక్రమము క్రింద దూరపు పల్లెల బాలికలకు సైకిళ్లు సమకూర్పబడినవి. ఇది మెచ్చదగిన పని. అయితే బాలికకు సైకిలు ఇచ్చి, బొగ్గు లారీలు పరుగెత్తు బాటపై ఆమెను విడిచిపెట్టుట సగము పని మాత్రమే.

లోకమున ఇతరులు ఈ చిక్కును ఎట్లు దాటిరో చూతము. హాలండు దేశీయులు పుట్టుకతోనే సైకిలు ప్రియులని మనము అనుకొందుము. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అక్కడను మోటారుకార్లు వీధుల నాక్రమించెను. 1971లో ఆ చిన్న దేశమున వీధి ప్రమాదములలో నాలుగువందలకు పైగా పిల్లలు మరణించిరి. తల్లిదండ్రులు వీధులకెక్కి “పిల్లల హత్యలను ఆపుడు” అని ఉద్యమించిరి. 1973 నాటి చమురు సంక్షోభము వారి వాదమునకు బలము చేకూర్చెను. నేడు మనము చూచి ఆశ్చర్యపడు సైకిలు బాటలు ఆ శోకము నుండియు, ఆ పట్టుదల నుండియు పుట్టినవి.

“అది చల్లని దేశము, మే మాసమున 45 డిగ్రీలు దాటు చంద్రపూరున సైకిలు ఎవరు త్రొక్కుదురు?” అని ఆక్షేపింపవచ్చును. స్పెయిన్ దేశములోని సెవిల్ నగరమున వేసవిలో 40 డిగ్రీలు దాటుట సామాన్యము. అచ్చట 2006 తరువాత సుమారు 80 కిలోమీటర్ల ప్రత్యేక సైకిలు బాటలు, ఒకదానితో నొకటి కలియునట్లు, నిర్మించిరి. సైకిలు ప్రయాణములు అనేక రెట్లు పెరిగెను. మరియొక మాట: మన ఊరి పేదవాడు ఎండ తగ్గువరకు పని మానుకొని ఇంట కూర్చుండలేడు. ఎండ గొప్పదైనకొలది అతనికి నీడ కావలెనే గాని, ఎండను సాకుగా చూపి బాటనే నిరాకరించుట న్యాయము కాదు.

మన దేశపు అనుభవములును గమనింపదగినవి. సైకిళ్ల నగరముగా పేరొందిన పూనాలో 2017–18 ప్రాంతమున అద్దె సైకిళ్లు వెల్లువగా వచ్చి, కొద్ది సంవత్సరములకే కనుమరుగయ్యెను. నిరాటంకమైన బాట లేనిచోట వాహనము లెన్ని దింపినను నిలువవు. హైదరాబాదున 2023లో బాహ్యవలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల బాటను సౌరఫలకముల నీడతో నిర్మించిరి. నీడను గూర్చిన ఆ ఆలోచన ప్రశంసనీయము. కాని ఊరి అంచున నున్న ఆ బాట వ్యాయామమునకు ఉపకరించినంతగా, ఊరి నడుమ కొలువునకును బడికిని పోవువారికి ఉపకరింపదు.

ఇక మన ఊరి సంగతి. గోండు రాజుల కోటగోడ చుట్టుకొలత సుమారు 11 కిలోమీటర్లు. పఠాన్‌పురా ద్వారము నుండి జట్‌పురా ద్వారమునకు సైకిలుపై పోవుట ఎంతసేపు? దూరమును బట్టి చూచిన, సైకిలునకు ఇంతకన్న తగిన ఊరు లేదు. ఐనను జట్‌పురా ద్వారమున కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఒకదానినొకటి ఒరసికొను వేళ సైకిలువాడు ఎచ్చట దూరవలెను? ఘుగ్గుసు, బల్లార్‌పూర్ బాటలపై లారీల భయము, బొగ్గు ధూళి. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన ఊరిని దేశములోని తీవ్ర కాలుష్య ప్రాంతములలో చేర్చెను. పొగ విడువని వాహనమును వీధి నుండి తరుముట ఇట్టి ఊరికి తగునా?

కావున మేము కోరునవి మూడు. బడులు తెరచువేళను, విడుచువేళను ఊరిలోనికి భారీ లారీలను రానీయరాదు. పెద్ద బాటల ప్రక్కన, గట్టుచే వేరుచేయబడిన సైకిలు త్రోవను ఏర్పరచి, దాని వెంట వేప, కానుగ చెట్లు నాటవలెను. ఆ త్రోవపై దుకాణములు గాని, నిలిపిన కార్లు గాని లేకుండ మహానగరపాలిక నిత్యము చూచుకొనవలెను.

మన సంఘము ఇంతవరకు తెలుగు చదువును గూర్చియు, భాషా హక్కులను గూర్చియు వినతులు సమర్పించుట సహజము. తరతరములుగా ఈ ఊరి నీరు త్రాగినవారము. ఈ ఊరి వీధులును మనవే. మరాఠీ, హిందీ, గోండీ మాటలాడు ఇరుగుపొరుగువారితో చేతులు కలిపి ఈ వినతిని మహానగరపాలికకు అందజేయవలెనని మా అభిప్రాయము.

మన గృహస్థులు సైతము ఒకటి ఆలోచింపవలెను. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటిన ఈ దినములలో, సైకిలుపై వచ్చిన బంధువును చిన్నచూపు చూచుట మన ఇండ్లలో తగ్గలేదు. ఆ చూపు మారనిదే, పాలకులు బాట వేసినను మన పిల్లలు దానిపై అడుగిడరు. బాటను పాలకులనుండి అడిగి తీసికొందము. సైకిలునకు ఇవ్వవలసిన మర్యాదను మన ఇంటినుండియే మొదలిడుదము.