కాల్చే కట్టె, చౌడుబారిన చేను

ఆదోని మార్కెట్‌కు చేరిన పత్తిలో పారేసేది దాదాపు ఏమీ ఉండదు. 100 కిలోల పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది, మిగతాది ఇంచుమించు గింజే. గింజ నూనె మిల్లుకు, చెక్క గొడ్ల మేతకు పోతాయి. గింజకు అంటుకున్న పొట్టి నూగు సైతం కాగితం తయారీకి పనికొస్తుంది. ఇంత జాగ్రత్తగా వాడుకునే పంటలో చేను మీద మిగిలిన కట్టె ఒక్కటే అనాథ. ఎకరాకు సుమారు టన్ను వస్తుంది. పొయ్యిలోకి పోగా మిగిలినదాన్ని చేలోనే కుప్పవేసి అగ్గి పెడుతున్నారు. నేలకు చేరవలసిన కర్బనం, నత్రజని ఆ మంటలో గాలిపాలవుతున్నాయి.

ఇదే ప్రాంతంలో తుంగభద్ర దిగువ కాలువ కింద మరో నష్టం ఉంది. నల్లరేగడి నీటిని తొందరగా వదలదు. మురుగు పోయే దారి లేనిచోట ఊటనీరు నిలిచి, ఉప్పు పైకి తేలి నేల చౌడుబారుతుంది. దాన్ని బాగుచేసే పద్ధతి కొత్తదేమీ కాదు: ముందు మురుగు తీయాలి, మట్టి పరీక్ష చేయించాలి, క్షారముంటే జిప్సం వేసి మంచినీటితో కడగాలి, జీలుగ కలియదున్నాలి, సేంద్రియ ఎరువు దండిగా వేయాలి. కట్టెను మగ్గబెట్టి చేసిన ఎరువు ఒక్కటే చౌడును విరిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కానీ సేంద్రియ ఎరువు లేకుండా చౌడు విరిగిన నేల నిలదొక్కుకోవడమూ కష్టమే. రైతుకు చాలినంత దొరకని ఆ ఎరువు పక్క చేలోనే పొగై లేస్తోంది.

కట్టెను ఉంచితే గులాబీ రంగు పురుగు మళ్లీ వస్తుందన్నది న్యాయమైన భయం. అందుకే దాన్ని చేలో నిలబెట్టకూడదు. పంట అయిన వెంటనే పీకి, ముక్కలు కొట్టి, పేడతో కలిపి మగ్గబెట్టాలి. బాగా మగ్గే కుప్పలో పుట్టే వేడికి పురుగు బతకదు. ముక్కలు కొట్టే యంత్రం ఎవరు కొనాలన్నది రెండో ప్రశ్న. బతుకుతెరువుకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోయే రెండెకరాల రైతు కొనలేడు, కొనమనడం అన్యాయం. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టినప్పుడు కూడా ఒంటరి నేతగాడి చేతిలో పెట్టుబడి లేదు. అలాగే ఈ యంత్రమూ ఊరుమ్మడిగా ఉండాలి, దాని ఖర్చులో పత్తి మీద రుసుము తీసుకునే మార్కెట్ కమిటీ భాగం పంచుకోవాలి. పత్తి రైతులారా, ఈసారి కట్టెకు అగ్గి పెట్టకముందే మీ ఊరి రైతు సేవా కేంద్రానికి కలిసి వెళ్లి ఆ యంత్రాన్ని అడగండి.