మాటల నారుమడి: ఒక సంకలనానికి ముందు మా ప్రణాళిక

మేము ఏడెనిమిది మందిమి. కొందరం ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్నాం, కొందరం ఇఫ్లూలో చదువుతున్నాం. ఇద్దరికి చదువు ఎప్పుడో అయిపోయింది, తార్నాకలో అద్దె గది వదల్లేక గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. మాలో మగవాళ్లని ప్రేమించే మగవాళ్లున్నారు, ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లున్నారు, ఈ రెండు లెక్కల్లో ఇమడనివాళ్లున్నారు, కేవలం సాహిత్యం మీద ఇష్టంతో వచ్చి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో ఇందులో రాయం. మా బృందానికి పేరు కూడా పెట్టుకోలేదు. పేరు పెడితే బోర్డు కావాలి, బోర్డుకి గది కావాలి, గదికి సంతకాలు కావాలి. ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎవరి సంతకమూ అడగవు కాబట్టి అక్కడే కలుస్తున్నాం. వానొస్తే తార్నాక చౌరస్తాలో చాయ్ దగ్గరికి మారుతున్నాం.

ప్రస్తుతం మేం చదువుతున్నది ఫిలిప్పీన్స్ గే, లెస్బియన్ రచయితల్ని. "మధ్యలో ఫిలిప్పీన్స్ ఎందుకన్నా?" అని అడగనివాళ్లు లేరు. ఫిలిప్పీన్స్ మనకి కొత్తదేం కాదు. అక్కడి లాస్ బాన్యోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేస్తే, మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు తన పొలంలో వేశాడు. తర్వాత కొన్నేళ్లకి మన పిల్లలు ఎంబీబీఎస్ కోసం దావావో విమానాలెక్కారు. ధాన్యం తెచ్చుకున్నాం, డాక్టర్ పట్టాలు తెచ్చుకున్నాం. ఒక పుస్తకం తెచ్చుకోవడానికి అభ్యంతరమేమిటో మాకు అర్థం కాదు.

ఆ పుస్తకం పేరు 'లద్‌లాద్'. జె. నీల్ గార్సియా, డాంటన్ రెమోటో సంపాదకులుగా 1994లో మనీలాలో వచ్చింది. గార్సియా యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్‌లో, రెమోటో అతెనెయో దె మనీలాలో పాఠాలు చెప్పిన వాళ్లు. అంటే ఇదీ క్యాంపస్‌లో పుట్టిన పుస్తకమే. గే రచయితల కవితలు, కథలు, వ్యాసాలు ఇంగ్లీషులోనూ ఫిలిపినోలోనూ పక్కపక్కన వేశారు. 1996లో రెండో సంపుటం, 2007లో మూడోది వచ్చాయి. 'లద్‌లాద్' అంటే చుట్టి ఉన్నదాన్ని విప్పి పరచడం. కప్పుకున్న కేప్‌ని విప్పి రెపరెపలాడించడం అనేది అక్కడి గేల సొంత పలుకుబడి. తమ సంగతి తాము చెప్పుకోవడాన్ని వాళ్లు అలా అంటారు. ఆ మాట పుస్తకం అట్ట మీద ఆగలేదు. రెమోటో 2003లో అదే పేరుతో రాజకీయ పార్టీ పెట్టాడు. 2009లో ఎన్నికల సంఘం బైబిల్‌నీ ఖురాన్‌నీ ఉటంకించి నైతికత పేరుతో దరఖాస్తు తిప్పికొట్టింది. 2010 ఏప్రిల్ 8న వాళ్ల సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ ఎన్నికల్లో పార్టీకి ఒక్క సీటూ రాలేదనుకోండి. అయినా ఒక సంకలనం పేరు బ్యాలెట్ పత్రం దాకా నడిచింది కదా.

ఇప్పుడు ఆ 1994ని మన పుస్తకాల అరలో పెట్టి చూద్దాం. 1993లో స్త్రీవాద కవితల 'నీలిమేఘాలు' వచ్చింది. 1995లో దళిత కవితల 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. 1998లో ముస్లిం కవితల 'జల్‌జలా' వచ్చింది. తెలుగులో ఒక సమూహం "మేమున్నాం" అని చెప్పడానికి ముందుగా చేసే పని సంకలనం వేయడం. సభలూ చర్చలూ తిట్లూ తర్వాత వస్తాయి. 'లద్‌లాద్' సరిగ్గా ఆ పుస్తకాల కాలానిదే. దానికి జతగా రావలసిన తెలుగు పుస్తకం రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆ అరలో ఒక పుస్తకం పట్టేంత ఖాళీ ఉంది. మా లక్ష్యం అదే, అంతే: ఆ ఖాళీలో పట్టే పుస్తకం ఒకటి తేవడం.

ఈ ఊళ్లో ఎవరూ రాయలేదని అనడం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠం చెప్పిన హోషంగ్ మర్చంట్ సంపాదకత్వంలో 1999లో 'యారానా' వచ్చింది, భారతీయ గే రచనల సంకలనం. అదే ఏడాది అశ్వినీ సుఖ్తంకర్ సంపాదకత్వంలో లెస్బియన్ రచనల 'ఫేసింగ్ ది మిర్రర్' వచ్చింది. రెండూ ఇంగ్లీషువి. మాకు చాలా ఇచ్చాయి, కాదనం. మాలో ఒకరి తల్లి రోజూ రాత్రి ఫోన్ చేసి "ఏం బిడ్డా, ఎవర్నన్నా చూసుకున్నవా, మమ్మల్నే చూడమంటవా?" అని అడుగుతుంది. ఆమె పదో తరగతి దాకా చదివింది, ఆదివారం అనుబంధంలో కథ వదలకుండా చదువుతుంది. ఆమె బిడ్డ ఇంగ్లీషులో ఎంత ధైర్యంగా రాసినా ఆ తల్లి లెక్కలో ఇంకా నోరు విప్పనట్టే. మేం తెలుగులో రాస్తాం అని పట్టుబట్టడం భాషాభిమానం వల్ల కాదు, ఆ ఫోన్ వల్ల.

తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదట తగిలేది మాటల కరువు. పత్రికలవాళ్లు 'స్వలింగ సంపర్కులు' అంటారు. చార్జిషీటులోంచి లేచి వచ్చిన మాట అది. అందులో మనిషి లేడు, మంచం ఒక్కటే ఉంది. పెళ్లయిన ఆడామగా జంటని 'భిన్నలింగ సంపర్కులు' అని ఏ పత్రికైనా రాసిందా? సినిమావాళ్లకి 'తేడా' ఉంది. హాస్టల్లో అంతకంటే మొరటువి ఉన్నాయి, అవి అందరికీ తెలుసు. మావాళ్లు తమలో తాము వాడుకునే కోఠీ, పంథీ అనే మాటలు ఈ నగరంలో బతుకుతున్నాయి గానీ అచ్చులో అరుదు. 'స్వలింగ సంపర్కం' అనే మాట మా పుస్తకంలో కోర్టు తీర్పుల ప్రస్తావనలో తప్ప ఉండదు. 'తేడా' సంగతి తేలలేదు. ఫిలిప్పీన్స్‌లో 'బక్లా' కూడా తిట్టే. పాత టగాలోగ్‌లో దానికి ఎటూ తేల్చుకోలేని మనసు అనే అర్థం ఉండేది. రచయితలు దాన్నే పట్టుకుని తమ మాటగా మార్చుకున్నారు. 'తేడా'ని అలా మార్చుకోవచ్చని మాలో సగం మంది వాదన. ఆ మాటతో స్కూల్లో దెబ్బలు తిన్నవాళ్లు ఒప్పుకోలేదు. దెబ్బలు తిన్నవాళ్ల మాటే నెగ్గాలని తీర్మానించాం.

మాటలు పుట్టించడం మేం కూర్చునే చోటికి కొత్తగాదు. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి ఏడాది ముందే 1917లో అనువాద శాఖ పెట్టి, గణితానికీ రసాయన శాస్త్రానికీ న్యాయశాస్త్రానికీ ఉర్దూలో మాటలు తయారు చేయించారు. అదే నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఇంకో రకం రాత కూడా రాయించింది. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించాలని చట్టం. ఆ రిజిస్టరులో ఉన్న మనిషి చీర కట్టుకునో, పాడుతూనో ఆడుతూనో బజార్లో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. ఒక చేత్తో నిఘంటువు, ఇంకో చేత్తో రిజిస్టరు! ఆ చట్టాన్ని వైజయంతి వసంత మొగ్లి సవాలు చేశారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూరేళ్లు దాటి బతికింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 కోరలు పీకినప్పుడు ఈ క్యాంపస్‌లో స్వీట్లు పంచుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ చట్టం ఇంకా బతికే ఉందని తెలుసో.

ఆ రిజిస్టరు వల్లే మేం ఒక నియమం గట్టిగా పెట్టుకున్నాం: మేం ఎవరి పేర్లూ రాసుకోం. తెలుగులో 'బయటపడటం' అనే మాట ఉంది చూడండి, అది రెండు వైపులా నరుకుతుంది. దొంగతనం బయటపడుతుంది, మనిషి గండం నుంచి బయటపడతాడు. పట్టుబడటమూ తప్పించుకోవడమూ ఒకే మాట! మావాళ్ల బతుకు ఆ రెండు అర్థాల మధ్యే ఊగుతూ ఉంటుంది. కాబట్టి మా దగ్గర రచన బయటికి వస్తుంది. మనిషి ఎప్పుడు రావాలో, అసలు రావాలో వద్దో మనిషి ఇష్టం. 'లద్‌లాద్' సంపాదకులు సొంత పేర్లతో నిలబడ్డారు, గౌరవిస్తాం. మాకు దొంగ పేరైనా సరే, పేరు లేకపోయినా సరే. కలం పేర్లకి తెలుగు పాఠకుడు ఎన్నడూ నొచ్చుకోలేదు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'పురాణం సీత' అయి ఇల్లాలి ముచ్చట్లు చెబితే మురిసిపోయాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి 'బీనాదేవి' అయితే చదువుకున్నాడు. ఇంకొకరి కథని వాళ్లకి చెప్పకుండా రాసి తెస్తే మాత్రం, అది ఎంత బాగున్నా వేయం. హాస్టల్ గదిలో పక్క మంచం వాడి ఉత్తరం మంచి కథావస్తువే. అయినా వేయం.

ఇక 'లద్‌లాద్'లో మాకు నచ్చని సంగతి. అది మగవాళ్ల పుస్తకం. ఆడవాళ్ల రచనలు నాలుగేళ్ల తర్వాత, 1998లో, అన్నా లియా సరాబియా సంపాదకత్వంలో 'తిబోక్' పేరుతో విడిగా వచ్చాయి. తిబోక్ అంటే గుండె చప్పుడు. అందులో 'తిబో' ఉంది, అది అక్కడ ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లకి వాడుక మాట. పేరు అద్భుతం, ఆలస్యం మాత్రం అద్భుతం కాదు. మా పుస్తకం కోసం వచ్చిన మొదటి పదకొండు రచనల్లో తొమ్మిది మగవాళ్లవి. మగవాడికి మెట్ల మీద రాత్రి పది దాకా కూర్చునే వీలుంది. ఆడపిల్లకి హాస్టల్ గేటు ఉంది, ఆ తర్వాత పెళ్లిచూపులు ఉన్నాయి. సగం పేజీలు ఆడవాళ్లవి అయ్యేదాకా ప్రెస్సుకి ఇవ్వం. ఏళ్లు పట్టినా సరే.

పూర్వీకుల్ని వెతుక్కునే ఉబలాటం మాకూ ఉంది. స్థానం నరసింహారావు సత్యభామగా వేదిక మీదికి వస్తే జనం ఊగిపోయారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం చూసి ఆడవాళ్లే నడక నేర్చుకున్నారని చెప్పుకుంటారు. వీళ్లని మావాళ్లని రాసుకుంటే పుస్తకానికి పరువు వస్తుందని ఒక సలహా వచ్చింది. ఒద్దనుకున్నాం. వేషం వేసినవాడి మనసు మనకేం తెలుసు? వాళ్ల కళని వాళ్లకే ఉంచుదాం. మేం అడిగే ప్రశ్న వేరు: వేదిక మీద చీర కట్టిన మగవాడికి చప్పట్లు కొట్టిన ఊరే బజార్లో చీర కట్టినవాణ్ని ఎందుకు రాళ్లతో కొడుతుంది? కొమురవెల్లి మల్లన్న దగ్గర పూనకంలో ఉన్న, చీర కట్టిన శివసత్తి కాళ్లు మొక్కి, ఇంటికొచ్చాక అదే మనిషికి గది అద్దెకివ్వని యజమానులు మాకు బాగా తెలుసు.

అనువాదం గురించి. మాకు టగాలోగ్ రాదు, ఇంగ్లీషు మీదుగానే వస్తాం, ఆ సంగతి అట్ట లోపల అచ్చు వేస్తాం. ఫిలిపినో కవితల్లో అర్థం కానిది దావావోలో చదివొచ్చిన డాక్టర్లని అడుగుదాం అనుకున్నాం. మొదటివాడే నవ్వాడు: "అక్కడ బక్లా అనరు, బిసాయా భాషలో బాయోత్ అంటారు." ఫిలిప్పీన్స్ అంటే మనీలా ఒక్కటే కాదని, తెలుగు అంటే హైదరాబాద్ ఒక్కటే కానట్టే, అప్పుడు గుర్తొచ్చింది. గేలు తమలో తాము మాట్లాడుకునే 'స్వార్డ్‌స్పీక్' ఇంకా కష్టం. అందులో ఇంగ్లీషు, స్పానిష్, సినిమా తారల పేర్లు కలగాపులగం. దాన్ని గ్రాంథికంలోకి దించితే చచ్చిపోతుంది. హిజ్రాల మధ్య నడిచే రహస్య భాష ఒకటి మన దగ్గరా ఉంది. దాన్ని అచ్చులో పెట్టే హక్కు మాకు లేదు. అది వాళ్ల గొళ్లెం. అనువాదానికి పాఠం వరిలోనే ఉంది. ఐఆర్-8 దిగుబడి బాగా వచ్చినా అన్నం లావుగా ఉందని మనవాళ్లు ముఖం చిట్లించారు. తర్వాత మారుటేరులో స్వర్ణ, బాపట్లలో సాంబ మసూరి తయారయ్యాకే కంచం కుదిరింది. మేమూ ముందు నారు పోస్తాం. నాటు వేసేది ఎవరి మడిలో వాళ్లు. హిజ్రా రచయిత్రి రేవతి జీవితకథని పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. దానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. అనువాదంలా అనిపించని తెలుగు ఎలా ఉంటుందో మాకు అదే కొలబద్ద.

అశ్లీలం అంటారు. అనండి. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని ప్రభుత్వం నిషేధించి, 1947 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. తార్నాక పక్కనే సీఫెల్‌లో, అంటే ఇప్పటి ఇఫ్లూలో, పాఠం చెప్పిన సూజీ థారు, కె. లలితతో కలిసి తెచ్చిన స్త్రీల రచనల సంకలనం 1991లో ఆ కథని మళ్లీ అందరికీ గుర్తు చేసింది. శరీరం గురించి రాసినదాన్ని శరీరం గురించి రాసిందన్న కారణంతో తిరస్కరించం. బాగా రాయకపోతే తిరస్కరిస్తాం, ఎవరు రాసినా. బాధ ఒక్కటే ఉన్న కథలు ఇప్పటికే కట్టలుగా వచ్చాయి: ఉరితాడు, రైలు పట్టాలు, పురుగుల మందు. అవి నిజాలే. కానీ మాకు ఇద్దరు మగవాళ్లు కరెంటు బిల్లు ఎవరు కట్టాలని పోట్లాడుకునే కథ కావాలి. మెట్టుగూడ నుంచి మెట్రోలో వచ్చి సగం టిఫిను డబ్బా మిగిల్చి పెట్టే అమ్మాయి కథ కావాలి. నవ్వు కావాలి.

పుస్తకం పేరు దగ్గర ఆగిపోయాం. 'లద్‌లాద్'కి తెలుగు ఏమిటి? 'ముసుగు తీయడం' అన్నారొకరు. మేం ముసుగు వేసుకోలేదు, మా మీద వేశారు, కుదరదు. 'జెండా విప్పడం' పార్టీలవాళ్లది. గత శుక్రవారం చినుకులు పడుతుండగా ఎవరో 'పురి విప్పడం' అన్నారు. అందరం ఒక్క నిమిషం చాయ్ మర్చిపోయాం. చుట్టి ఉన్నది విప్పడం ఉంది, రంగులున్నాయి, వాన ఉంది, పైగా అచ్చ తెలుగు. ఓటుకి పెడదాం అనుకుంటుండగా, మూలన కూర్చున్న అక్క, వచ్చిన పదకొండులో రెండు రచనలు పంపినావిడ, గ్లాసు కింద పెట్టి అంది: "పురి ఉండేది మగ నెమలికే కదరా."

పేరు తేలలేదు. శుక్రవారం సాయంత్రం ఆరుకి మళ్లీ కలుస్తాం. మాట దొరికినవాళ్లు పట్టుకు రండి.