పైజామాల ఫ్యాక్టరీ నుంచి పరకాలకు

పరకాల, నడికూడ, ఆత్మకూరు ఊళ్లలో ఆడవాళ్లు పత్తి ఏరడానికి గుంపు కట్టి పోతారు. కిలోకు ఎంతో ఆసామితో ముందే మాట్లాడుకుంటారు. బేరం ఆడే నోరు ఒకరిది, కాంటా దగ్గర కళ్లు ఇంకొకరివి. పని ఏదైనా మాట్లాడుకొని దిగడం వాళ్లకు అలవాటు.

ఇప్పుడు ఆ ఊళ్లకు కుట్టు మిషన్ల కొలువు దగ్గరికొచ్చింది. పరకాల నియోజకవర్గంలోనే గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది పడింది. కేరళ నుంచి కైటెక్స్, దక్షిణ కొరియా నుంచి యంగ్‌వన్ అక్కడికి వచ్చాయి. ఇట్లాంటి చోట్ల లైన్ సూపర్‌వైజర్లు కాబోయే మన పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

సూపర్‌వైజర్ల ట్రైనింగులలో ‘డిస్క్’ అనే పాఠం తరచుగా వినపడుతుంది. మనుషుల తీరును నాలుగు రకాలుగా చూడమంటుంది: తన మాటే నెగ్గాలనేవాళ్లు, పదిమందిని కలుపుకునేవాళ్లు, నిదానంగా పని చేసుకుపోయేవాళ్లు, ప్రతిదీ సరిచూసుకోనిదే కదలనివాళ్లు. విలియం మార్స్టన్ 1928లో రాసిన పుస్తకం దీనికి మూలం. పనికొచ్చే పాఠమే. నలుగురిలో మెచ్చుకుంటే ఒకరు పొంగిపోతారు, ఇంకొకరు సిగ్గుతో ముడుచుకుపోతారు. ఆ తేడా తెలియని సూపర్‌వైజర్ మెచ్చుకొని కూడా మనిషిని దూరం చేసుకుంటాడు.

అయితే ఈ పాఠం ఒక్కటే నేర్చుకుంటే ప్రమాదం ఉంది. ఒక పొద్దున సూపర్‌వైజర్ వచ్చి “ఇయ్యాల్టి నుంచి కాలర్ వేరే తీరుగ కుట్టాలె” అన్నాడనుకుందాం. ఒకామె “నిన్నటిదాంక మంచిగనే ఉండె గద సార్, ఎందుకు మార్చిన్రు?” అని లేస్తుంది. ఇంకొకామె ఏమీ అనదు, చెయ్యి మాత్రం నెమ్మదిస్తుంది. మూడో ఆమె పక్క మిషన్ ఆమెతో గుసగుసలాడుతుంది. సాయంత్రానికి సూపర్‌వైజర్ మనసులో ముగ్గురికీ ముద్రలు పడిపోతాయి: జగడాలమారి, మొద్దు, చాడీలకోరు. మర్నాటి నుంచి ఆ ముద్రలు చూసే మాట్లాడతాడు.

ఆ ముద్రలు ఎంత తొందరపాటువో అమెరికాలో ఒక ఫ్యాక్టరీలో తేలింది. వర్జీనియా రాష్ట్రంలో మారియన్ అనే చిన్న ఊళ్లో హార్వుడ్ కంపెనీ పైజామాలు కుట్టేది. కార్మికుల్లో ఎక్కువమంది చుట్టుపక్కల కొండపల్లెల ఆడవాళ్లు. సగటు వయసు 23. అంతకుముందు ఫ్యాక్టరీ గడప తొక్కి ఎరుగరు. యజమాని ఆల్‌ఫ్రెడ్ మారో మనస్తత్వశాస్త్రం చదివినవాడు, కర్ట్ లెవిన్ అంతటి పండితుణ్ని పిలిపించుకున్నవాడు. అయినా పనితీరు కాస్త మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, గొడవలు లేచేవి, కొందరు మానేసేవాళ్లు. లెస్టర్ కాచ్, జాన్ ఫ్రెంచ్ ఈ చిక్కును పరీక్షకు పెట్టి 1948లో ఫలితాలు ప్రచురించారు.

చూస్తే మార్పు చిన్నదే. మొదటి గుంపులో ఇస్త్రీ చేసేవాళ్లు అరడజను చొప్పున పైజామాలను అట్టమీద పేర్చేవాళ్లు, ఇకమీదట పెట్టెలో పేర్చాలి. వాళ్లను కూర్చోబెట్టి, పోటీ పెరిగింది కాబట్టి ఇది తప్పదని, కొత్త రేటు ఇదని చెప్పి పంపేశారు. 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. గంటకు 60 యూనిట్ల పని రావాల్సింది 50 దగ్గరే ఆగిపోయింది. పీసు రేటు అన్యాయమని ఫిర్యాదులు వచ్చాయి. తీరా లెక్క చూస్తే ఆ రేటు కొంచెం కార్మికులవైపే మొగ్గి ఉంది!

మిగతా గుంపులను వేరే విధంగా నడిపారు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు బట్టలు ముందు పెట్టారు. ఒకటి రెండోదానికి రెట్టింపు ధరకు అమ్మినది. ఏది చవకదో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఖర్చు ఎందుకు తగ్గించాలో అక్కడే అర్థమైంది. ఒక గుంపు తమలో కొందరిని ముందు నేర్చుకోవడానికి పంపింది. రెండు చిన్న గుంపుల్లో అందరూ పాల్గొన్నారు. వాళ్లు ఎన్ని సలహాలు ఇచ్చారంటే, రాసుకునే స్టెనోగ్రాఫర్‌కు చెయ్యి ఆడలేదట. ఆ రెండు గుంపుల పని మొదటిరోజు కొద్దిగా తగ్గినా, వెంటనే కోలుకొని పాత స్థాయికంటే 14 శాతం దాకా పెరిగింది. ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానెయ్యలేదు.

ఇవన్నీ చూసి, మొదటి గుంపులోనే మొండివాళ్లు పడ్డారేమో అనుకోవచ్చు. రెండున్నర నెలల తర్వాత ఆ గుంపులో మిగిలిన 13 మందిని మళ్లీ ఒకచోట చేర్చి, ఈసారి అందరితో మాట్లాడి కొత్త పనికి మార్చారు. ఆ 13 మందే త్వరగా కోలుకొని పాత వేగాన్ని దాటారు. నాకు ఈ వృత్తాంతం మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఇదే. వాళ్ల స్వభావాలు రెండున్నర నెలల్లో మారిపోలేదు, పని చెప్పిన పద్ధతి మారింది. అందుకే లైన్‌లో ఎవరు ఏ రకమో రాసుకునే ముందు, ఆ మార్పును తాను ఎట్లా చెప్పాడో సూపర్‌వైజర్ ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మారియన్ పాఠాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మాత్రం కుదరదు. నార్వేలో ఒక చెప్పుల ఫ్యాక్టరీలో ఇదే ప్రయోగం చేస్తే (1960లో అచ్చయింది) ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇట్లాంటివి యూనియన్ ద్వారా మాట్లాడుకోవడమే సరైన పద్ధతని అక్కడి కార్మికులు అనుకోవడం ఒక కారణమని పరిశోధకులు భావించారు. ఎవరికి ఏ పద్ధతి తమదిగా అనిపిస్తుందో చూడాలన్నమాట.

మన ఆడవాళ్లకు తమదనిపించే పద్ధతి మహిళా సంఘం మీటింగు. చుట్టూ కూర్చుంటారు, ఎవరికి ఎంత లోను అన్నది వాదించుకుంటారు, తీర్మానం రాసి సంతకాలు పెడతారు. మోడల్ మారే ముందు లైన్ వాళ్లను అట్లా అరగంట కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ట్రయల్‌కు ఎవరు పోవాలో వాళ్లనే తేల్చమనాలి. రేటు పైన ముందే ఖరారైపోయి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పాలి. అయిపోయిన దానిమీద అభిప్రాయం అడగడం మోసం, పత్తి కాంటా చూసిన కళ్లు దాన్ని ఇట్టే పసిగడతాయి. మీటింగులో నోరు విప్పని ఆమెను అందరిముందు నిలబెట్టి అడగొద్దు. టీ టైములో మిషన్ దగ్గరికి పోయి “అక్కా, కొత్త కాలర్ల చెయ్యి ఎక్కడ ఆగుతాంది?” అనాలి. ఆమె చెప్పింది అక్కడే రాసుకొని, అందులో మార్చగలిగింది మర్నాడే మార్చి చూపించాలి.