పొలం గట్టున ట్రాన్స్‌ఫార్మరుకూ జ్వరం చూడాలి

బుచ్చయ్యపేట చుట్టుపక్కల చెరకు పండే ఊళ్ళలో బెల్లం వండటం మీలో చాలామంది చూసే వుంటారు. పెనం కింద మంట ఆరిపోయాక కూడా పొయ్యికి పక్కగా, కాస్త దూరంలో అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. వేడిగాలి పైకి పోతుంది కదా, మరి పక్కకు వచ్చిందేమిటి? కంటికి కనిపించని వెలుగు, పరారుణ కిరణాలు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటి ఏమీ కనిపించని చోట థర్మామీటరు వుంచాడు. అక్కడా వేడి ఎక్కింది!

ఈ కిరణాలను పట్టే కెమెరాలు నేడు పరిశ్రమల్లో తనిఖీకి వాడుతున్నారు. ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహాన్ని మోసే పెద్ద పాత్ర లోపల వేడికి తట్టుకునే ఇటుకలు పేరుస్తారు. అవి అరిగిన చోట బయటి తొడుగు మిగతా భాగం కన్నా వేడెక్కుతుంది. తొడుగు కరిగి లోహం బయటపడకముందే కెమెరా ఆ చోటు చూపిస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం, పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్కేంద్రం వంటి చోట్ల ఇలాంటి తనిఖీ ఎంత అవసరమో వేరే చెప్పాలా? నా వాదన వాటి గురించి కాదు. పొలం గట్టున నిలబడ్డ ట్రాన్స్‌ఫార్మరు గురించి.

అది కాలిపోతే మోటార్లు ఆగుతాయి, తోట ఎండుతుంది. కాలిపోయే ప్రతిదీ ముందుగా చెప్పదు, నిజమే. కాని తీగను బిగించిన బోల్టు వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది, ఆ అతుకు వేడెక్కుతుంది. మూడు ఫేజుల అతుకుల్లో రెండు ఒకలా వుండి, దాదాపు అంతే కరెంటు పారుతున్న మూడోది బాగా వేడిగా కనిపిస్తే అనుమానించవలసిందే. నేల మీద నిలబడి, దేన్నీ తాకకుండా, కరెంటు ఆపకుండా ఇది చూడవచ్చు. తరువాత సరఫరా ఆపి ఆ బోల్టు సంగతి చూడటం లైన్‌మన్ పని; మీరు మాత్రం దాని దరిదాపులకు పోవద్దు.

ఖరీదు మాటేమిటంటారా? ఈ కిరణాలు మామూలు గాజులోంచి దూరవు. అందుకని కటకాలు సాధారణంగా జెర్మేనియంతో చేస్తారు, అది చవక కాదు. అయితే ఊరికొక కెమెరా కొనమని నేననటం లేదు. ఒకటే వంతులవారీగా ఊళ్ళు తిరగవచ్చు.

కెమెరా వుంటే చాలదు, చూసేవాడికి తెలివిడి వుండాలి. తళతళలాడే స్టీలు గిన్నెలో వేడినీళ్ళు పోస్తే కెమెరాకు అది చల్లగానే కనిపించవచ్చు. అదే గిన్నెకు మసి పూస్తే అసలు వేడి బయటపడుతుంది. మెరిసే కొత్త అల్యూమినియం తీగా అలాగే మోసం చేస్తుంది. బొమ్మలోని ఎరుపూ నీలమూ మనం పెట్టుకున్న గుర్తులే. పైగా కెమెరా చూసేది పైపై వేడినే. ట్రాన్స్‌ఫార్మరు తొట్టి లోపలి తీగచుట్టలు దానికి కనబడవు.

వేళ కూడా ముఖ్యం. కరెంటు సగమైతే అతుకులో పుట్టే వేడి నాలుగో వంతే! మోటార్లు ఆగిన వేళ చూస్తే చెడ్డ అతుకు కూడా మంచిదానిలాగే కనిపించవచ్చు. కనుక పొలాల్లో మోటార్లన్నీ తిరిగేటప్పుడే రావాలి. తనిఖీ కాగితం మీద ఉష్ణోగ్రతతోపాటు ఆ సమయానికి పారుతున్న కరెంటు ఎంతో కూడా రాయాలి.