మైకు లేని గుడి

"గుడికి వెళ్ళొస్తాను" - మన ఇళ్ళల్లో ఇల్లాలు ఒంటరిగా గడప దాటేందుకు సంజాయిషీ అడగని మాట ఇదొక్కటే. కాసేపు పార్కులో కూర్చుంటానంటే "ఎందుకూ?" అంటారు. గుడికంటే అడగరు. అందులో సగం భక్తి, సగం ఓ పావుగంట తనతో తాను ఉండాలన్న ఆశ. తీరా వెళితే అక్కడా మైకులో పాటలు, క్యూలో తోపులాట, "నడవండమ్మా, నడవండి" అనే అదిలింపులు!

పట్నంలో గుడంటే గోల తప్పదనే వాళ్ళున్నారు. టోక్యోలో మెయిజీ ఆలయం చూశాక ఆ మాట నేను ఒప్పుకోను. హరాజుకు స్టేషన్లో దిగితే ఒకవైపు టకెషిటా వీధి. ఇరుకు సందు, కిక్కిరిసిన కుర్రకారు, రంగురంగుల దుకాణాలు. రెండోవైపు పెద్ద చెక్క తోరణం. 'తోరీ' అంటారు. అది దాటి కంకర బాటలో పది నిమిషాలు నడిస్తే వినపడేవి మన అడుగుల చప్పుడూ, కాకుల అరుపులే. నీళ్ళతో చేతులు కడుక్కుని, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగితే దణ్ణం అయిపోయినట్టే. దర్శనానికి టిక్కెట్టు లేదు. తొందరపెట్టేవాళ్ళూ లేరు.

ఏనాటి అడవో అనిపిస్తుంది గానీ అది మనుషులు నాటిందే. మెయిజీ చక్రవర్తి, ఆయన భార్య షోకెన్ స్మృతికి 1920లో వెలిసిన ఆలయమిది. సుమారు 70 హెక్టార్ల స్థలంలో 1915 నుంచి మొక్కలు నాటారు. దేశం నలుమూలల నుంచి జనం లక్ష మొక్కల దాకా పంపారు. ప్రధాని ఒకుమా షిగెనొబు నిటారుగా, దర్జాగా ఉండే సుగి చెట్లు కావాలన్నారు. హోండా సెయిరొకు వంటి అటవీ శాస్త్రజ్ఞులు వినలేదు. పొగపట్టే నగరంలో అవి బతకవనీ, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే కర్పూరం, ఓక్ లాంటివి వేస్తే నూరేళ్ళకు తనంతట తనే పెరిగే అడవి అవుతుందనీ అన్నారు. వాళ్ళ మాటే నెగ్గింది. ఇప్పటికీ బాట మీద రాలిన ఆకులు ఊడ్చి పారెయ్యరు. మళ్ళీ చెట్ల మొదట్లోకే చేరుస్తారు. రోజూ వాకిలి ఊడ్చే మనకు ఆ పని విలువ తెలుసు కదూ!

జనం రారు కాబట్టి ప్రశాంతం అనుకోకండి. కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లోనే 30 లక్షల మంది దాకా వచ్చే చోటది. అలాగని అక్కడంతా సవ్యంగానూ లేదు. అదే ఆలయానికి చెందిన బయటి ఉద్యానవనంలో కొత్త స్టేడియాలు, ఎత్తైన భవనాల కోసం 2024లో చెట్లు కొట్టడం మొదలైంది. వద్దంటూ సంగీత దర్శకుడు ర్యుయిచి సకమొతో 2023లో చనిపోయే ముందు టోక్యో గవర్నరుకు ఉత్తరం రాశారు. నాటిన నీడనైనా కాపలా కాసుకోవాల్సిందే.

మనకు రావిచెట్టు, దాని చుట్టూ అరుగు, కోనేటి మెట్లు కొత్త కాదు. వాటి మీదే టైల్స్ పరిచి, షెడ్లు వేస్తున్నాం. గుడి కమిటీలను మనం అడగాల్సింది ఎంతో కాదు. ఆవరణలో నాలుగు చెట్లు, కూర్చోడానికి ఓ అరుగు, రోజుకో గంట మైకు కట్టెయ్యడం. కార్తీకంలో దీపాలు పెట్టడానికి ఎలాగూ అందరం వెళతాం. ఆ రోజే పదిమంది సంతకాలు చేసి ఓ కాగితం ఇద్దాం. ఏమంటారు?