గేమింగ్ పీసీ కడుతున్నారా? గ్రాఫిక్స్ కార్డ్ కంటే ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి తేల్చండి

ఇబ్రహీంపట్నం, కోరుట్ల, సిరిసిల్ల వైపు కుర్రాళ్లు రాసుకునే పీసీ పార్ట్స్ లిస్ట్ ఎవరిది చూసినా ఒకే వరుసలో ఉంటుంది. పైన గ్రాఫిక్స్ కార్డ్, కింద ప్రాసెసర్, ఆ తర్వాత ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఆర్‌జీబీ ఫ్యాన్ల క్యాబినెట్. అట్టడుగున ఎస్‌ఎంపీఎస్, దానికి మిగిలిన చిల్లర. సూటిగా చెప్తున్నా, మన దగ్గర ఈ లిస్ట్‌ని తలకిందులుగా రాయాలి. ముందు ఎస్‌ఎంపీఎస్, ఆ తర్వాతే మిగతావన్నీ.

ఎందుకంటే మనం చూసే బిల్డ్ వీడియోలు అమెరికాలోనో, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లోనో కూర్చొని తీసినవి. గోడలోంచి 230 వోల్ట్స్ (అక్కడైతే 120) నికరంగా వస్తుందని వాళ్లు ముందే అనుకుంటారు. మన దగ్గర ఆ లెక్క అందరికీ పనికిరాదు. సిరిసిల్లలో కరెంట్ ఇచ్చేది 1970లో మొదలైన సహకార సంస్థ సెస్. జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్‌పీడీసీఎల్. ఇచ్చేది ఎవరైనా సరే, మీ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎంత దూరం, అదే లైన్ మీద ఎన్ని మోటార్లు నడుస్తున్నాయి అన్నదాన్ని బట్టే మీ ప్లగ్ దగ్గర వోల్టేజ్ ఉంటుంది. రూల్ ప్రకారం 6 శాతం అటూ ఇటూ, అంటే దాదాపు 216 నుంచి 244 మధ్య ఉండాలి. లైన్ చివరున్న ఇంట్లో, యాసంగి వరికి మోటార్లన్నీ ఆన్ అయ్యాక ఎంత ఉందో మీరే చూడండి. కొన్ని వందలు పెడితే మల్టీమీటర్ వస్తుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఏడున్నరకి ఒకసారి రీడింగ్ రాసుకోండి. గోడ ప్లగ్‌లో ప్రోబ్స్ పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ అన్నతో చూపించుకోండి. వారం రోజుల ఈ కాగితం ఏ ఆన్‌లైన్ వాట్ కాలిక్యులేటర్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఎస్‌ఎంపీఎస్ మీద స్టిక్కర్ చదవాలి. మొదట ఇన్‌పుట్ లైన్. కొన్నిటి మీద 100–240 వోల్ట్స్ అని ఉంటుంది, వీటినే ఫుల్ రేంజ్ అంటారు. తక్కువ ధరవాటిలో చాలా వాటి మీద 200–240 అని ఉంటుంది. మీ ఇంట్లో రాత్రిళ్లు 170కి పడిపోతుంటే రెండో రకం నడుస్తుందన్న హామీ లేదు. గేమ్ మధ్యలో పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే అందరూ గ్రాఫిక్స్ డ్రైవర్‌నే తిడతారు కానీ ఈ లైన్ ఎవరూ చూడరు. ఫుల్ రేంజ్ తీసుకుంటే పీసీకి వేరే స్టెబిలైజర్ దాదాపుగా అక్కర్లేదు.

తర్వాత చూడాల్సింది 12 వోల్ట్ లైన్. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తినేది అక్కడి నుంచే. క్యాబినెట్‌తో పాటు అంటగట్టే లోకల్ ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని ఉంటుంది. కింద 12 వోల్ట్ దగ్గర 18 ఆంప్స్ అని ఉందనుకోండి. 12 ఇంటూ 18, అంటే 216 వాట్సే. మిగతా అంకె ఎక్కడిదో తయారుచేసినవాడికే తెలియాలి.

ఇక అసలు ఎంత కావాలి? రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్స్ తీసుకుంటుంది, ఆర్‌టీఎక్స్ 5060 అయితే 145. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో 60 వేసుకున్నా 300 దాటదు. కార్డ్ మిల్లీ సెకన్ల పాటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది కాబట్టి 550 వాట్స్ మంచిది చాలు. ఇలాంటి బిల్డ్‌కి 850 వాట్స్ కొనమనే సలహా నాకు నచ్చదు. ఆ డబ్బుతో మంచి 550 తీసుకోండి, మిగిలింది ఇంకోచోట పనికొస్తుంది. ఎక్కడో కింద చెప్తా.

గోల్డ్, బ్రాంజ్ స్టిక్కర్ల గురించి ఒక మాట. 80 ప్లస్ అనేది కరెంట్ ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే పరీక్ష. అదీ 23 డిగ్రీల గదిలో. మేలో జగిత్యాల జిల్లాలో 45 దాటుతుంది, రేకుల ఇంట్లో అయితే చెప్పనక్కర్లేదు. 2021లో గిగాబైట్ పీ750జీఎం, పీ850జీఎం మోడల్స్ టెస్టుల్లో పేలిపోవడం గేమర్స్ నెక్సస్ ఛానెల్ చూపించింది. కంపెనీ కొన్ని సీరియల్ నంబర్లకు రీప్లేస్‌మెంట్ ఇవ్వాల్సి వచ్చింది. అవి రెండూ గోల్డే! కాబట్టి స్టిక్కర్ రంగు కాదు, ఎన్ని డిగ్రీల వేడిలో ఫుల్ లోడ్ ఇస్తుందో స్పెసిఫికేషన్ షీట్‌లో చూడండి. 40 అని ఉన్నదానికంటే 50 అని ఉన్నది మనకు మేలు.

ఇన్వర్టర్ మీద గేమింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. కరెంట్ పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్‌లో ఉన్న ఛార్జ్‌తో నెట్టుకురావాలి. ఏటీఎక్స్ లెక్క ప్రకారం ఇది 16, 17 మిల్లీ సెకన్లు. కాబట్టి ఇన్వర్టర్ వెనకాల స్విచ్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని మొండికేస్తాయి, ప్యూర్ సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు. "600 వీఏ యూపీఎస్ పెట్టుకో తమ్మీ" అని షాపులో అంటారు. దాని అసలు కెపాసిటీ సాధారణంగా 360 వాట్సే. పీసీ, మానిటర్ కలిపితే అంచు మీద నడిచినట్టే.

ఇప్పుడు ఆ మిగిలిన డబ్బు. అది ఎర్తింగ్‌కి. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందా? అది మామూలే అని వదిలేయకండి. ఎర్త్ లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద సగం వోల్టేజ్, అంటే 115 దాకా తేలుతుంది. ఆ స్థితిలో టీవీకి హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టులు పోవచ్చు. గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ పెట్టిస్తే ఇల్లంతటికీ పనికొస్తుంది. మీటర్ బోర్డు దగ్గర ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ కూడా వేయించండి. లైన్లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్ట్స్ దాకా రావచ్చు. ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా దానికి నిలవదు.

మిగతా పార్ట్స్ కలుస్తాయా లేదా అన్నది నిజానికి తేలిక. ఏఎం5 బోర్డుకి డీడీఆర్5 ర్యామ్ మాత్రమే. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లకు డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, బాక్స్ మీద చూసుకోండి. కార్డ్ పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొలవండి. ఒక్కటి మాత్రం ప్రాణం మీదికొస్తుంది: మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కేబుల్స్ ఒక బ్రాండ్‌వి ఇంకోదానికి గుచ్చకండి. సాకెట్‌లో కరెక్ట్‌గా దూరుతుంది, లోపల పిన్నులు వేరు. ఆన్ చేయగానే హార్డ్ డిస్క్ పోతుంది.

మన ఇళ్లల్లో ఈ అరవై, డెబ్బై వేలు చాలాసార్లు బాపు దుబాయ్ నుంచో సౌదీ నుంచో పంపినవి. ఒకసారి కాలిపోతే మళ్లీ అడగడానికి నోరు రాదు. వచ్చేటప్పుడు అక్కడి నుంచే పార్ట్స్ తెమ్మని చెప్పేవాళ్లు గ్రాఫిక్స్ కార్డ్ తెప్పించుకుంటే తెప్పించుకోండి, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఇక్కడే కొనండి. బిల్లు ఏ దేశానిదైతే వారంటీ ఆ దేశంలోనే అనే బ్రాండ్లు చాలా ఉన్నాయి. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, సీరియల్ నంబర్ వేసిన జీఎస్‌టీ బిల్లు అడిగి తీసుకోండి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. థర్మల్ పేపర్ మీద అక్షరాలు ఏడాదికే చెరిగిపోతాయి, మంచి ఎస్‌ఎంపీఎస్‌కి వారంటీ ఐదేళ్లు.